చాక్లాదార్ల ఇంట నెట్టు పంపకాలు

మనిషి నిప్పు కనిపెట్టిన రోజున నాగరికత మొదలైందని పుస్తకాల్లో రాస్తారు. అది పొరపాటు. ఆ నిప్పులో నా వాటా ఎంత అని ఒక తమ్ముడు అన్నను మొట్టమొదటిసారి అడిగిన రోజున మొదలైంది.

ఆ లెక్కన ఉత్తర కలకత్తాలో, ట్రాము గంట వినపడేంత దూరంలో, బేల్‌పుకుర్ సందులో ఉన్న చాక్లాదార్ల ఇంటిని మించిన నాగరికమైన కట్టడం భూమ్మీద ఇంకోటి లేదు. ఐదుగురు అన్నదమ్ముల ఇల్లు అది. ఐదు వాటాలు. అక్కడ పంచనిదంటూ లేదు. మెట్లలో కుడి సగం పెద్దవాటాది, ఎడమ సగం నాలుగో వాటాది. (లావుపాటి చుట్టం వస్తే ఇద్దరి అనుమతీ తీసుకోవాలి.) మామిడిచెట్టు మొదలు రెండో వాటాది, కొమ్మలు చిన్నవాటావి, నీడ మీద కేసు నడుస్తోంది. స్నానాల గదికి అడ్డంగా గోడ లేపారు. కుళాయి గోడకు అటు పడింది, తూము ఇటు పడింది. అయినా ఎవరూ నోరెత్తలేదు, కొలత సరిగ్గా ఉంది కనక.

ఇంత పంచినా ఒక్కటి మాత్రం ఉమ్మడిగా మిగిలిపోయింది. అదే నెట్టు.

దాన్ని ఆ ఇంటికి తెచ్చినవాడు అరిత్ర నంది. కంపెనీల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించడం అతని వృత్తి. ఇంట్లో అతని హోదా ఇల్లరికపు అల్లుడు. మూడో వాటాదారు శీతాంశుబాబు కూతురు మిఠూని చేసుకుని, ఉత్తరపు వరండా గదిలో కాపురం పెట్టాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి ఫోను వేడెక్కినా, ఎవరి టీవీ మూగబోయినా "జామాయ్! ఓ జామాయ్!" అని ఐదు వరండాల నుంచీ కేకలు. అల్లుడు అనే ఆ ఒక్క మాట తప్ప అతని పేరు ఆ ఇంట్లో ఎవరికైనా గుర్తుందో లేదో, పాపం అతనికే అనుమానం.

ఉద్యోగం పుణె కంపెనీలో, పని మాత్రం ఆ వరండా గదిలోంచే. సోమవారం సోమవారం తెర మీద మీటింగు పెట్టే పైఅధికారిణి పేరు కులకర్ణి మేడం. ఇల్లంతా ఒకే నెట్టు మీద పడి పీక్కుతింటుంటే, సరిగ్గా అరిత్ర నోరు తెరిచే వేళకు తెర మీద అతని మొహం ఆవులింతలో గడ్డకట్టేది. మొన్న ఆవిడ తేల్చి చెప్పేసింది. "నందీ, ఇంకొక్క సోమవారం నువ్వు ఇలా బొమ్మై కూర్చున్నావంటే, పెట్టె సర్దుకుని పుణె వచ్చెయ్. నా ఎదురుగా కూర్చుని పని చేద్దువు గాని."

ఆ సంగతి మిఠూకి చెప్పాడు. ఆమె బట్టలు మడతపెడుతోంది.

"వెళ్ళిరా. నేను రాను," అంది.

"అదేమిటి మిఠూ, నేనొక్కణ్ణే అక్కడ..."

"నేను గడప దాటానంటే మనిషి లేదని నాలుగో వాటా ఉకీల్‌కాకూ ఆ వరండా తన పేర రాయించేసుకుంటాడు. ఈ ఇంట్లో నిద్రపోయినా పర్లేదు గానీ ఊరెళ్ళకూడదు. ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలుసు. పోనీ ఫోను సిగ్నలుతో నెట్టుకొద్దామా అంటే, మూడడుగుల మందం గోడల్లోకి ఏ కంపెనీ సిగ్నలూ దూరదు. డాబా మీద పుష్కలంగా దొరుకుతుంది. డాబా మీద కోర్టు స్టే ఉంది. పెళ్ళాన్ని విడిచి పుణెలో అద్దెగదిలో పడుండడం తల్చుకుంటేనే అరిత్ర కంచంలో అన్నం వదిలేసేవాడు.

అటువంటి సమయంలో ఏకాదశి వచ్చింది.

రెండో వాటా యజమానురాలు నిభారాణి దేవి. ఇంట్లో చిన్నవాళ్ళందరికీ జేఠీమా, అంటే పెద్దమ్మ. భర్త పోయినప్పటి నుంచీ చేప ముట్టదు, ఉల్లి ముట్టదు, ఏకాదశినాడు అన్నం కూడా ముట్టదు. ఆ సాయంత్రం నాలుగు సగ్గుబియ్యం గింజలు నోట్లో వేసుకుని టీవీలో కీర్తన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి తెరనిండా మేక మాంసం. కుతకుతా ఉడుకుతోంది. గరిట పట్టుకున్నవాడు "ఇప్పుడు కొవ్వు ముక్క వేద్దాం" అంటున్నాడు.

ఆమె పెట్టిన కేకకు మామిడిచెట్టు మీది కాకులు వాటాలతో నిమిత్తం లేకుండా లేచిపోయాయి.

నేరస్థుడు చిన్నవాటా హిమాంశుబాబు, పిల్లలందరికీ ఛోట్‌కాకూ, అంటే చిన్న బాబాయి. కింద తన గదిలో కూర్చుని ఫోనులోని వంట వీడియోను తన టీవీ మీదికి పంపబోయాడు. ఇంట్లో టీవీలన్నీ ఒకే నెట్టులో ఉన్నాయి, అన్నిటి పేరూ టీవీయే. ఆయన వేలు జారింది. (జారలేదని జేఠీమా వాదన. జారిందని ఆయన కాళీమాత మీద ఒట్టేశాడు, కానీ ఒట్టు వేసేటప్పుడు నవ్వాడు.)

మర్నాడు పొద్దున్న ఠాకూర్‌దాలాన్‌లో సభ తీరింది. ఠాకూర్‌దాలాన్ అంటే ఇంటి నడిమధ్య స్తంభాల మంటపం. అందులో ఇంటిదేవుడు గోపీనాథుడు వెండి వేణువుతో నిలబడి ఉంటాడు, ఆయన ఎదురుగా చాక్లాదార్లు కొట్లాడుకుంటారు. తరతరాలుగా వస్తున్న ఆచారం.

అధ్యక్షుడు పెద్దవాటా శుభ్రాంశుబాబు, అందరికీ జేఠూ, అంటే పెదనాన్న. సర్వే శాఖలో భూములు కొలిచి కొలిచి రిటైరైన మనిషి. ఏ తగువైనా గొలుసుతో కొలిస్తే తీరుతుందని ఆయన నమ్మకం. పక్కన నాలుగో వాటా కరుణాంశుబాబు, సివిల్ వకీలు, అందుకే ఉకీల్‌కాకూ, అంటే వకీలు బాబాయి. ఏ తగువూ తీరకూడదని ఆయన నమ్మకం. మూడో వాటా శీతాంశుబాబు, అంటే అరిత్ర మామగారు, ఒక చేత్తో కడుపు పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. ఆయనకు ముప్పొద్దులా పులితేన్పులు.

"ఇక వీడితో ఒకే గాలి పీల్చేది లేదు!" అంది జేఠీమా. "ఏకాదశినాడు మాంసం చూపించాడే! కడుపున పుట్టిన కొడుకులా సాకానురా నిన్ను, ముదనష్టపు వెధవా!"

"చూస్తే తిన్నట్టా వొదినా? వాసనొచ్చిందా పోనీ?"

"విన్నారా, విన్నారా! వాసన కూడా పంపేవాడే, చేతకాక ఊరుకున్నాడు!"

జేఠూ చెయ్యెత్తాడు. "పంపకం జరగాలి. నెట్టుకు హద్దులు వెయ్యాలి. ఎవరి గోల వారి వాటాలోనే ఉండాలి. జామాయ్, అవుతుందా?"

అవుతుందా అంటే, అరిత్ర తిండి తినేది ఆ పని మీదే. దాన్ని సబ్‌నెట్లు చెయ్యడం అంటారు. మనసులో గంతేశాడు. పెద్ద నెట్టును చిన్న చిన్న పేటలుగా విడగొడితే ఒక పేటలో అరుపు ఇంకో పేటకు వినపడదు. ఆ పేటల్లో ఒకటి, బుల్లిది, తన పేర ఉంటే చాలు. సోమవారాలు గడిచిపోతాయి. పుణె తప్పుతుంది.

"అవుతుంది జేఠూ. నేను చేస్తాను."

"ఇతను చెయ్యొచ్చా?" అన్నాడు ఉకీల్‌కాకూ కళ్ళద్దాలు పైకి తోసి. "నిష్పక్షపాతేనా అని."

"వాడికేముందని పక్షపాతం?" అంది జేఠీమా. "ఇంట్లో ఒక ఇటుకైనా వాడిదా? ఒక గోడైనా వాడిదా? వాడంత నిష్పక్షపాతి దొరుకుతాడా మనకి?"

అందరూ ఒప్పుకున్నారు. అరిత్ర కూడా తలూపాడు. ఊపాక ఎందుకో గుండెలో కలుక్కుమంది.

పని మొదటిరోజునే శాస్త్రీయంగా ప్రారంభమైంది. జేఠూ ట్రంకుపెట్టెలోంచి తన సర్వే గొలుసు తీయించాడు. "సిగ్నలు ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా ఉందో చూపించు, కొలుస్తాను," అన్నాడు. నెట్టును గొలుసుతో కొలవరని అరిత్ర చెప్పిచూశాడు. "కొలవకుండా పంచిన ఆస్తి నేను చూళ్ళేదు," అన్నాడాయన. చివరికి అరిత్ర ఫోను పట్టుకుని ముందు నడవడం, సిగ్నలు గీత తగ్గిన చోటల్లా జేఠూ సున్నం పొయ్యడం. మధ్యాహ్నానికి వాకిలంతా ఎవరూ ఆడని ఏదో ఆటకు గీసిన మైదానంలా తయారైంది. (రెండో వాటా పిల్లి ఆ సాయంత్రం గీత దాటి చిన్నవాటా గదిలోకి పోయింది. దాని మీద నోటీసు వెళ్ళింది.)

అసలు చిక్కు ఆ మర్నాడు వచ్చింది. నెట్టులోకి వచ్చే ప్రతి వస్తువుకూ డోరు నంబరులా ఒక నంబరుంటుందని, అలాంటివి మొత్తం రెండువందల యాభై ఆరని అరిత్ర సభకు వివరించాడు. భుజం మీది గమ్ఛా తువ్వాలు తీసి మధ్యకు మడిచాడు. "ఇదిగో రెండు." మళ్ళీ మడిచాడు. "నాలుగు." మళ్ళీ. "ఎనిమిది. ఇలా సగం సగం చేసుకుంటూ పోవాలి తప్ప, సమానంగా ఐదు ముక్కలు చెయ్యడం మాత్రం కుదరదు."

"ఐదుగురం ఉన్నాం కదయ్యా," అన్నాడు ఛోట్‌కాకూ.

"తెలుసు కాకూ. అందుకే ఎనిమిది చేద్దాం. తలా ఒకటి పోగా ఇంకా మూడు మిగుల్తాయి." ఆ మూడు అనే మాట అరిత్ర చాలా మామూలుగా, పుల్ల విరిచినంత తేలిగ్గా అన్నాడు. రాత్రి కూర్చుని అభ్యాసం చేశాడు మరి. ఆరోది తనది. మనసులో ఇప్పటికే దానికి పేరు కూడా పెట్టుకున్నాడు, మిఠూ అని.

మిగులు అన్న మాట వినగానే సభలో అందరి వెన్నులూ నిటారుగా లేచాయి.

"ఆరోది గోపీనాథుడిది," అన్నాడు జేఠూ. "ఈ ఇంట్లో దేవుడికి వాటా లేకుండా ఏది పంచాం? పెరడు పంచినప్పుడు ఆయనకు తులసికోట వదల్లేదూ?"

దేవుడితో ఎవరు పోటీ పడతారు? అరిత్ర ఏడోదాని మీదికి మనసు మార్చుకున్నాడు.

"ఏడోది," అంటూ ఉకీల్‌కాకూ గొంతు సవరించుకున్నాడు, "రంగూన్ తాతది. మా నాన్నగారి చిన్నతమ్ముడు కోపంతో అన్నం ముందు నుంచి లేచి రంగూన్ ఓడెక్కాడు. చచ్చిపోయాడని ఎవరైనా కాయితం చూపించారా? రేప్పొద్దున ఆయన మనవడు బర్మా గొడుగేసుకుని గుమ్మంలో నిలబడి నా నెట్టేదిరా అంటే, ఏం చెబుతాం?"

అలా అడిగే మనవణ్ణి తలుచుకుని అందరూ భయపడ్డారు. ఏడోది పోయింది.

"ఎనిమిదోది..." అన్నాడు అరిత్ర.

"ఉమ్మడి దారి," అన్నారు జేఠూ, ఉకీల్‌కాకూ ఒకేసారి. జీవితంలో అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఏకమైన విషయం అదొక్కటే. "దారి లేకుండా పంపకమేమిటి? వాటాల మధ్య నడవ వదలాలి. దాన్లో ఎవరూ ఏదీ పెట్టకూడదు. ఖాళీగా ఉండాలి."

అప్పుడు ఆగలేక అరిత్ర అడిగేశాడు. "మరి నాకు?"

ఆ ప్రశ్న ఎవరి చెవికీ ఇంతకుముందు తగల్లేదు.

"నువ్వు మూడో వాటా కిందే కదా," అంది జేఠీమా.

అందరూ మామగారి వంక చూశారు. ఆయన ఒక తేన్పు తీశాడు. "పిత్రార్జితం బాబూ. రక్తసంబంధం ఉన్నవాళ్ళకే వెళ్ళాలి. మిఠూకు ఇస్తాను, కూతుళ్ళకు హక్కుంది. నువ్వు ఏమీ అనుకోకు... ఆ అరుగుదల మందు, పచ్చసీసా, ఇలా అందుకో."

ఆ రాత్రి మిఠూని బతిమాలాడు. "నీ వాటాలో ఒక్క నంబరు. ఒక్కటే."

"పుట్టింటి ఆస్తి మొగుడికి రాసిస్తే ఊళ్ళో ఏమనుకుంటారు?" అంది మిఠూ. అని, అతని మొహం చూసి నొచ్చుకుంది. "ఇవ్వాలనే ఉంది రా. ఉకీల్‌కాకూ ఊరుకోడు. అల్లుడు వాటాలో కాలు పెట్టాడని రేపే కేసేస్తాడు. ఆయనకు ఈ నెల్లో పని కూడా లేదు."

పంపకం పూర్తయింది అనుకున్న పూటకు ఒక కుంభకోణం బయటపడింది. వాటాకు ముప్ఫై రెండు నంబర్లు రావాలి. ఛోట్‌కాకూ వేళ్ళ మీద లెక్కేసుకుంటే ముప్ఫైయే వాడుకోదగ్గవి. మొదటిదీ చివరిదీ ఏ వస్తువుకూ ఇవ్వకూడదట.

"ఆ రెండూ ఎవరు తిన్నారు?" అని అరిచాడు. "ఇంటి మొత్తం మీద పదహారు! జామాయ్, నీ పొట్టలోకా?"

"నియమం కాకూ. మొదటిది పేట పేరు, చివరిది పేటంతటికీ వినపడేలా దండోరా వెయ్యడానికి. ఇదివరకు ఒకే పేట గనక రెండే పోయేవి. ఇప్పుడు ఎనిమిది పేటలు."

జేఠూ పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వడం ఇంట్లో చాలామంది చూడలేదు. "గట్లురా హిమూ, గట్లు! చేను పంచితే గట్లు పెరగవూ? ముక్కలు చేసినకొద్దీ గట్టు తింటుంది, పంట తగ్గుతుంది. నలభై ఏళ్ళు చూశాను. చివరికి గట్లే మిగిలిన ఊళ్ళున్నాయి." ఆ ఊళ్ళను తలుచుకుని ఆయన కళ్ళు గర్వంతో చెమర్చాయి.

ఇక గుమ్మాల సంగతి. ప్రతి పేటకూ ఒక గుమ్మం ఉండాలి, ఆ గుమ్మంలోంచి బయటి ప్రపంచానికి పోవాలి. పోవడం ఉమ్మడి దారి గుండానే. ఆ నిబంధనలు ఉకీల్‌కాకూ రాశాడు. సారాంశం ఇది. ఉమ్మడి దారిలో ఏ వాటా సరుకైనా కదలాలంటే మిగతా నాలుగు వాటాల ముందస్తు సమ్మతి కావాలి. సమ్మతి ఇచ్చినవారు ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. ఇవ్వనివారిని కారణం అడగరాదు.

అరిత్ర చదివి తల పట్టుకున్నాడు. "జేఠూ, ఇలా చేస్తే ఎవరికీ నెట్టు రాదు."

జేఠూ అతని భుజం మీద చెయ్యివేసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "బాబూ, ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే అన్యాయం. ఎవరికీ రాకపోతే అన్యాయం ఎక్కడుంది?"

దొంగచాటుగా తనకో నంబరు పెట్టుకుందామనే దుర్బుద్ధి అరిత్రకు కలగలేదని కాదు. అది అమలయ్యేలోపే నెట్టు పెట్టెను గోద్రెజ్ బీరువాలో పెట్టి ఐదు తాళాలు వేసి లక్కముద్రలు కొట్టారు. ఆదివారం సాయంత్రానికి ఇల్లంతా నెట్టు ఆగిపోయింది. ఐదు వాటాల్లోనూ శాంతి నెలకొంది. జేఠీమా టీవీలో మాంసం రాలేదు. కీర్తనా రాలేదు. ఛోట్‌కాకూ జేఠీమాకు సమ్మతి ఇవ్వలేదు, జేఠీమా ఛోట్‌కాకూకి ఇవ్వలేదు, ఉకీల్‌కాకూ ఎవరికీ ఇవ్వలేదు, మామగారు పచ్చసీసా తాగి ఆలోచిస్తానన్నాడు.

సోమవారం తెల్లారింది. మీటింగుకు ఇంకా వేళ ఉంది. అరిత్ర ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఒక్క గీతైనా దొరకదా అని పిచ్చివాడిలా ఇల్లంతా తిరిగాడు. ఏ గదిలోనూ లేదు. పెట్టె సర్దుకోవాల్సిందేనా అనుకుంటూ ఠాకూర్‌దాలాన్ మెట్ల మీద కూలబడ్డాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్ టింగుమంది.

నిండుగా నెట్టు!

అప్పుడు వెలిగింది అతనికి. ఆరో వాటా గోపీనాథుడిది. ఆయన వేణువును దొంగలెత్తుకుపోకుండా ఒక కెమెరా ఉంది, దాని కోసం మంటపంలోనే వేరే చిన్న పెట్టె మీద ఆ పేట నడుస్తోంది. దానికి పాస్‌వర్డు తాళం లేదు, దేవుడి గుమ్మానికి తాళం వేసే ఆనవాయితీ ఇంట్లో లేదు కనక. ఉమ్మడి దారిలో పోవడానికి ఆయనకు ఎవరి సమ్మతీ అక్కర్లేదు. రథయాత్రనాడు వాకిట్లోంచి పల్లకీ పోతుంటే అనుమతి ఏదని అడిగిన చాక్లాదార్ ఇంతవరకు పుట్టలేదు.

"ప్రభూ, క్షమించు. మూలన కూర్చుంటాను," అన్నాడు అరిత్ర. నిజంగానే చేతులు జోడించాడు.

తెర మీద కులకర్ణి మేడం ప్రత్యక్షమైంది. అందరూ ఒకరి తరవాత ఒకరు మాట్లాడుతున్నారు. అరిత్ర వంతు ఆఖర్న, మధ్యాహ్నానికి పడింది. సరిగ్గా అప్పుడే పురోహితుడు నొకుల్ భట్టాచార్జి నైవేద్యం ముగించి, వెండిగిన్నెలు సర్ది, దేవుడి ముందు తెర దించబోయాడు.

"లేవయ్యా జామాయ్. ప్రభువు పడుకునే వేళ. దీపం, ఫ్యాను, నెట్టు, మూడూ ఆర్పెయ్యాలి."

"నెట్టెందుకు ఠాకూర్‌మశాయ్?" అన్నాడు అరిత్ర, తెరలోని మైకు మూసి.

"ఆయన పేర ఉంది కదా. పడుకున్నవాడి పేర దీపం వెలుగుతుందా?"

"ఒక్క అరగంట! నా వంతు వస్తోంది. లైను పోతే నా ఉద్యోగం పుణె పోతుంది, మిఠూ ఇక్కడ ఉండిపోతుంది. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ప్రభువు నిద్ర చెడగొట్టిన పాపం ఎవరు మోస్తారు?"

"నేను మోస్తా. నా పేర రాసెయ్యండి."

నొకుల్ భట్టాచార్జి జాలిగా చూశాడు. "నువ్వు అల్లుడివి నాయనా. ఈ ఇంటి పాపంలో మాత్రం నీకు వాటా ఎక్కడిది?"

అని స్విచ్చు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగింది. ఆయన నడుముకు దోపుకున్న ఫోను కిణికిణిమంది. తీసి చూసుకున్నాడు. పక్కసందు కాళీగుడి పూజారితో ఆయనకు లూడో పందెం నడుస్తోంది. సిగ్నలు లేక పొద్దుట్నుంచి ఓడిపోతున్న ఆట ఈ మెట్ల మీదికి రాగానే ప్రాణం పోసుకుంది. తన ఎర్రకాయ ఇంకొక్క ఆరు పడితే పండేట్టుంది. ఆయన మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇవాళ ఉక్కగా ఉంది," అన్నాడు నొకుల్ భట్టాచార్జి, కళ్ళు ఫోను మీంచి ఎత్తకుండా. "ప్రభువుకు నిద్ర పట్టదులే."

అరిత్ర మాట్లాడాడు. ఒక్కచోట కూడా ఆగలేదు. అయ్యాక కులకర్ణి మేడం మెచ్చుకుంది. "నందీ, ఏం చేశావో గానీ లైను అద్దంలా ఉంది. వెనకాల ఆ కృష్ణుడి బొమ్మ కూడా ప్రశాంతంగా ఉంది, దాన్ని మార్చకు." ఆ రాత్రి మిఠూకి చెబుతూ అరిత్ర నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుంది. "వాటా లేకపోతే పోయింది. దేవుడు నిన్ను ఉండనిచ్చాడు కదా, అది చాలు."

రహస్యం ఆ ఇంట్లో ఎంతసేపు నిలుస్తుంది? రెండ్రోజుల్లోనే చాక్లాదార్లలో భక్తి విపరీతంగా పెరిగింది. ముందు ఛోట్‌కాకూ, ఎన్నడూ హారతికి రానివాడు, ఫోను చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకుని (ఒకటే మూశాడు) స్తంభం పక్కన నిలబడ్డాడు. తరవాత ఉకీల్‌కాకూ భాగవతం వినాలని దుప్పటి పరిచాడు. జేఠూ దేవుడి సన్నిధిలో వార్తలు చూస్తే తప్పు లేదని తీర్మానించాడు. జేఠీమా తన టీవీని ఇద్దరు కూలీల చేత మోయించుకొచ్చి, గోపీనాథుడికి కూడా కనపడేలా పెట్టించింది. పొద్దుగుంకేసరికి మిఠూ గంపెడు మరమరాలు ఆవనూనెతో కలిపి తెచ్చేది. వంకాయ బజ్జీలు సందు మొదట్లోంచి వచ్చేవి. జేఠీమా సీరియల్లో కోడల్ని ఇంట్లోంచి గెంటేసినప్పుడు ఉకీల్‌కాకూ అందరికన్నా ముందు ఏడ్చాడు. "స్టే తెచ్చుకోవే పిచ్చిదానా!" అని టీవీకి సలహా కూడా ఇచ్చాడు. మామగారికి తేన్పులు తగ్గాయి.

పంపకాలయ్యాక ఐదు వాటాలూ ఒకే చాప మీద కూర్చోవడం ఆ ఇల్లు చూడలేదు. అరిత్ర మూల స్తంభం దగ్గర కూర్చుని అందర్నీ చూసేవాడు. ఇంటి యజమానులంతా దేవుడి గుమ్మంలో, ఎవరి పేరా ఏమీ లేకుండా, ఉండనిచ్చినన్నాళ్ళు ఉంటున్నారు. అంటే అందరూ తనలాగే ఇల్లరికానికి వచ్చారు. ఒకసారి జేఠూ బజ్జీ అందిస్తూ "తీసుకో అరిత్ర" అన్నాడు. జామాయ్ అనలేదు. పేరు పెట్టి పిలిచాడు! అరిత్రకు ఆ బజ్జీ కాసేపు తినబుద్ధి కాలేదు, చేత్తో పట్టుకునే ఉన్నాడు.

అలా సుఖంగా సాగుతుండగా మళ్ళీ ఏకాదశి వచ్చింది.

జేఠీమా సగ్గుబియ్యం తిని, దేవుడి ఎదుట తన టీవీలో కీర్తన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పక్కనే ఛోట్‌కాకూ ఫోను తీశాడు. ఆయన వేలు జారింది. జేఠీమా కళ్ళు తెరిచేసరికి గోపీనాథుడి ఎదురుగా, ఆయన వేణువంత పొడవున, మేక కాలు ఉడుకుతోంది.

సభ అప్పటికప్పుడే జరిగింది, అందరూ అక్కడే ఉన్నారు కనక. ఈసారి వాదనలు లేవు. దేవుడి వాటా కిక్కిరిసిపోయిందని, ఒకరి అరుపు ఒకరికి వినపడుతోందని, దాన్ని కూడా హద్దులు వేసి పంచక తప్పదని జేఠూ ప్రతిపాదించాడు. ఉకీల్‌కాకూ బలపరిచాడు. జేఠీమా, ఛోట్‌కాకూ ఒకేసారి చెయ్యెత్తారు. చాక్లాదార్ల చరిత్రలో వాదన లేకుండా ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇదే మొదటిది.

ముప్ఫై రెండు నంబర్లను ఎనిమిది చేస్తే ముక్కకు నాలుగు. అందులో రెండు గట్లకు పోతాయి, ఒకటి గుమ్మానికి, ఇక మిగిలేది ఒక్కటి. ఐదు ముక్కలు ఐదు వాటాలకు, ఒకటి గోపీనాథుడికి (అది ఆయన కెమెరాకే సరి), ఒకటి రంగూన్ తాతకు, ఒకటి ఉమ్మడి దారికి. లెక్క పైసా తేడా లేకుండా సరిపోయింది. జేఠూ గొలుసు తెప్పించాడు.

"మరి పంచేదెవరు?" అన్నాడు ఉకీల్‌కాకూ.

ఈ ఎనిమిదింట ఎందులోనూ వాటా లేని నిష్పక్షపాతి ఇంట్లో ఒక్కడే ఉన్నందువల్ల ఆ పని అల్లుడికే అప్పగించారు. సోమవారం లోగా పూర్తి చెయ్యమన్నారు.